అడగక్కరలేని గది

ఏళుమలై పారకు బిగించిన కర్ర కామను నేలకేసి రెండు దెబ్బలు కొట్టి, ఎత్తి ఊపి చూశాడు. ఇంకా కదులుతోంది. తుమ్మచెక్క ముక్కొకటి సన్నగా చెక్కి సందులో దిగగొట్టి, నీళ్ళతొట్టిలో నానబెట్టాడు. తడికి చెక్క ఉబ్బితే ఇక ఆ పార పదేళ్ళు కదలదు. అతనికి అరవై ఆరేళ్ళు. కుడిచేతి చూపుడువేలు సగానికి వంగి అలాగే ఉండిపోయింది. యాభై ఏళ్ళు కామ పట్టుకున్న వేలు, ఇప్పుడు చాపమంటే ఎందుకు చాపుకుంటుంది?

ఇండూరు నీళ్ళట్యాంకు వెనక బీడులో ఊరి ఆడవాళ్ళు కలిసి కూరగాయల తోట వేసుకున్నారు. తోట ఉంది గాని పనిముట్లు లేవు. పక్కనున్న పాత పాలసొసైటీ గదిలో గోడకు పన్నెండు మేకులు కొట్టి, ఇంటింటా మూలపడ్డ పారలు, కొడవళ్ళు, గడ్డపారలు పోగుచేసి, బాగుచేసి తగిలించినవాడు ఏళుమలై. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవచ్చు, పని కాగానే తెచ్చి పెట్టాలి. ఈరోజే మొదలు.

పేచీ ఒక్కదాని దగ్గరే వచ్చింది. తోట సంఘం సెక్రటరీ సెల్వరాణి నోటుబుక్కు పెట్టి రాయాలంది, గదికి తాళం వేయాలంది. ఏళుమలై ఒప్పుకోలేదు.

“సంతకం పెట్టేది సగం మందికి రాదు మా. ఏం తీసుకొంటే ఆ మేకుకి తమదేదో ఒకటి తగిలించి పోనీ. తెచ్చి పెట్టినోళ్ళు తమది తీసుకొని పోతారు. అడిగేదీ వొద్దు, రాసేదీ వొద్దు.”

“పొద్దుగూకేలోపల ఒక్కటి తక్కువైనా రేపటినుంచి నోటు, తాళం. సరేనా పెదనాయనా?”

సరే అన్నాడు గాని, అప్పటినుంచి అతనికి సంగటి ముద్ద సయించలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగి అడిగి అరిగిపోయిన బతుకు అతనిది. సొంత పార ఏనాడూ లేదు. తెల్లవారగానే ఆసామి వాకిట్లో నిలబడి “సామీ, పార” అనాలి. వాళ్ళు తీరిక చూసుకొని బయటికి విసిరేవాళ్ళు. వెల్లిచందై మామిడితోటలో ఒకసారి గడ్డపార కనబడలేదని అతన్ని పొద్దంతా ఎండలో నిలబెట్టారు. సాయంత్రం అది గడ్డివాములో దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు, అతనూ అనలేదు. కడుపుమంట అతని భార్య పూంగొడిది. ఆమెకు ఆ ఎండ ఇప్పటికీ చల్లారలేదు.

పది దాటినా గదికి ఎవరూ రాలేదు. చివరికి సరసు వచ్చింది. కట్టడం పనికి పోయే మనిషి, ఆరోజు పని దొరక్క తోటకొచ్చింది. గుమ్మం బయటే చేతులు కట్టుకొని నిలబడి, “అన్నా, పార ఒకటి ఇస్తావా?” అంది.

ఆ నిలబడటం ఏళుమలైకి బాగా తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నన్నెందుకు అడిగేది? లోపలికి రా మా. నీదే, ఎత్తుకో.”

“తగిలించేదానికి నా దగ్గర ఏముండాది?”

“నడుములో వక్కాకు సంచి లేదా?”

సరసు నవ్వేసింది. సంచి మేకుకు తగిలించి, నాలుగు పారలు తిప్పి తిప్పి చూసి మంచిదాన్ని ఏరుకుంది. అడగక్కరలేదని తెలిస్తే మనిషికి ఎంపిక కూడా వచ్చేస్తుంది.

ఆ తర్వాత ఒకరి వెంట ఒకరు వచ్చారు. మధ్యాహ్నానికి గోడ మీద పారలకు బదులు గాజులు, రేషన్ సంచి, డబ్బా మూత, పసిపిల్ల గౌను వేలాడుతున్నాయి. ఒక్కొక్కదాన్నీ చూసుకొని ఏళుమలై మురిసిపోయాడు. పొద్దుటినుంచి రొమ్ము పట్టేసినట్టుంది, ఎడమచెయ్యి లాగుతోంది. కామలు కొట్టిన నొప్పిలే అనుకున్నాడు.

చివరి మేకుకు ఒక్క పారే మిగిలింది, పొద్దున తను నానబెట్టినదే. చేతిలోకి తీసుకున్నాడు. “ఎవర్ని అడగాల?” అని తనలో తానే నవ్వుకున్నాడు. భుజం మీది తుండుగుడ్డ మేకుకు తగిలించి మిరపమడికి పోయాడు.

సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి పనిముట్టు పెట్టి, తమది తీసుకుపోయారు. సెల్వరాణి వచ్చి చూసింది. పదకొండు. పన్నెండో మేకుకు తుండుగుడ్డ. అంచుకు పూంగొడి వేసిన ఎర్రదారం కుట్టును పోల్చుకుంది. “చట్టం పెట్టినాయనే తప్పినాడే!” అని నవ్వుకుంటూ మడివైపు నడిచింది.

ఏళుమలై గట్టుకు ఆనుకొని కూర్చున్నాడు. మడిలో సగందాకా మొక్కల మొదళ్ళకు మట్టి ఎగదోసి ఉంది. పార ఒడిలో అడ్డంగా ఉంది, వంగిన వేలు ఇంకా కామ మీదే ఉంది. పిలిస్తే పలకలేదు.

మూడోనాడు పూంగొడి గదికి వచ్చింది. సెల్వరాణి పారను గోడకు చేర్చి, తుండుగుడ్డ తీసి ఆమెకు ఇవ్వబోయింది. పూంగొడి చెయ్యి అడ్డం పెట్టింది.

“వొద్దు మా. పార నువ్వు తెచ్చినావు, ఆయప్ప తేలా. తెచ్చినోళ్ళే కదా తమది తీసుకొనేది.”

సెల్వరాణి ఏడ్చింది. పక్కనే పదమూడో మేకు కొట్టి పారను దానికి తగిలించింది. నోటుబుక్కు కొనలేదు, తాళమూ కొనలేదు. సరసు ఇప్పుడు గుమ్మం దగ్గర ఆగదు, నేరుగా లోపలికి వచ్చి కావలసింది ఎత్తుకుపోతుంది. సాయంత్రానికి ఎవరిది వాళ్ళు తీసుకుపోగా, పన్నెండో మేకుకు మాత్రం ఎర్రదారం అంచున్న ఆ తుండుగుడ్డ అలాగే ఉంటుంది.