చిక్కువెంట్రుకల నర్సమ్మ

"ఎంటికలూ... చిక్కెంటికలకు గిన్నెలూ..." అని ఒక్క కేక వేసి నర్సమ్మ తలమీది గంపను బాలమణి గడపలో దించింది. ఝరాసంగం చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఆమె పని ఇదే. ఆడవాళ్లు దువ్వుకుంటే రాలిన వెంట్రుకలను ఉండచుట్టి గోడసందుల్లో దాచిపెడతారు. నర్సమ్మ వాటిని తీసుకుని బదులుగా స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు ఇస్తుంది. పొట్టి మనిషి. గంప మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఊరందరి జడల సంగతీ తెలిసిన ఆమె తలమీద మాత్రం ఉసిరికాయంత ముడి.

బాలమణి తీసిచ్చిన ఉండ పిడికిట్లో పట్టలేదు. పోయిన నెల నిమ్మకాయంత ఉండేది. ఎన్ని రాలితే నర్సమ్మకు అంత లాభం. అయినా ఆమెకు సంతోషం కలగలేదు. వేళ్లతో విప్పి చూసింది. నల్లగా, పొడుగ్గా ఉన్నాయి. లేత వయసు వెంట్రుకలు.

"ఎవరియివి?"

"మా బిడ్డ దీక్షితయి," అంది బాలమణి గొంతు తగ్గించి. "పోలీసు కొలువు కోసమని పొద్దుగాల్నే లేసి ఉరుకుతది గదా. ఆ ఉరుకుడుకే ఊడుతున్నయ్. ఇయ్యాల్టి సంది బంద్ చెయ్యమన్న."

లోపల మంచం మీద దీక్షిత బూట్లు విప్పకుండానే కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. పరుగు పరీక్షకు ఇంకా రెండు నెలలే గడువుంది. నర్సమ్మ ఇటూ అటూ చూసింది. గడప పక్కన గుడ్డు పెంకులు కుప్పగా కనబడ్డాయి.

"గిన్ని గుడ్లు ఎవరు తింటున్రు?"

"నేనే. రోజుకు ఎనిమిది. పచ్చివే పాలల్ల కొట్టుకొని తాగుత. బలమొస్తదని మా గ్రౌండ్ల చెప్పిన్రు. ఏడాదయితుంది," అంది దీక్షిత.

ముప్పై ఏళ్లుగా రాలిన వెంట్రుకలు కొన్నదే గాని, ఎందుకు రాలాయని నర్సమ్మ ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. తనకెందుకులే అనుకుంటే ఇంకో రెండు వాడలు తిరిగేది. అలా అనుకోలేదు. ఉండను కొంగున కట్టుకుని దవాఖాన దారి పట్టింది. దారిలో రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుంది.

ఉండను చూసి నర్సు మహేశ్వరి నవ్వింది. "నర్సమ్మా, ఈడ గూడ బేరమేనా?"

"బేరం గాదమ్మా. గీ పిల్ల సంగతి జర చూడు."

అంతా విన్నాక మహేశ్వరి నవ్వు మానేసింది. "బయోటిన్ అని ఒక బి విటమిన్ ఉంటది. ఎంటిక మంచిగ పెరగాలంటే అది గావాలె. పచ్చి తెల్లసొన దాన్ని ఒంటికి పట్టనియ్యదు. ఉడకబెడితే ఆ గుణం పోతది. రక్తం తక్కువున్నా ఊడుతయ్, రేపు పిల్లను తోల్కరా, పరీక్ష చేస్త." అంతలో ఆమె చూపు కిందికి దిగింది. "నీ కాళ్లు గిట్ల వాచినయేంది? కూసో, బీపీ చూస్త."

"రేపు పిల్లతోని వస్త గదా, అప్పుడు చూద్దువు తియ్యి," అంటూనే నర్సమ్మ గంప ఎత్తుకుంది. తన సంగతి ఎప్పుడూ రేపే.

మళ్లీ ఆ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. గంపలోంచి కొత్త గిన్నె ఒకటి తీసి, నీళ్లు పోసి, తన చేత్తోనే గుడ్లు ఉడకబెట్టింది. ఒకటి వలిచి దీక్షిత చేతిలో పెట్టింది.

"ఉరుకుడు తప్పు గాదు బిడ్డా. పచ్చివి తాగుడే తప్పు. ఉడకబెట్టుకొని తిను, మంచిగ ఉరుకు. ఎంటికలు జల్ది రావు, ఓపిక పట్టాలె. రేపు వస్త, రక్తం పరీక్షకు దవాఖానకు పోదాం."

దీక్షిత తల్లి వైపు చూసింది. బాలమణి సరేనని తలూపింది. గిన్నె కడిగి ఇవ్వబోతే నర్సమ్మ తీసుకోలేదు.

"ఉంచుకో. వచ్చేనెల నాకు నీ బిడ్డ ఎంటికలు దొరకొద్దు."

ఆ ఇంటి ముందే పీటర్ నడిపే షేర్ ఆటో ఎక్కి, జహీరాబాద్‌లోని ఇంటికి పోతూ నర్సమ్మ ఓ మూల ఆనుకుని కూర్చుంది. చెరుకు లారీ వెనక ఆటో నెమ్మదిగా పోతుంటే కళ్లు మూసుకుంది. జహీరాబాద్ రాగానే పీటర్, "నర్సక్కా, దిగు," అన్నాడు. పక్కనున్నామె భుజం పట్టి కదిపింది. ఒళ్లో గంప మీద రెండు చేతులూ పెట్టుకుని నర్సమ్మ అప్పటికే ప్రశాంతంగా ప్రాణం విడిచింది.

తెల్లవారి దీక్షిత పరుగు నుంచి వచ్చి పొయ్యి ముట్టించింది. నర్సమ్మ వస్తే ముగ్గురూ దవాఖానకు పోవాలి. ఆమెకు బదులు పీటర్ వచ్చాడు. గడప బయటే నిలబడి సంగతి చెప్పాడు. బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. దీక్షిత తల్లి పక్కన కూర్చుని ఆమె భుజం పట్టుకుంది.

పొయ్యి మీద కొత్త గిన్నెలో గుడ్లు ఒకదానికొకటి తగులుతూ ఉడుకుతున్నాయి.