అబ్బాయికి పై అధికారి కావలెను

బిజినెస్ స్కూలు ప్రవేశపరీక్షలో అబ్బాయికి మంచి మార్కులే వచ్చాయి. మొదటిసారి రాసినప్పుడు వచ్చిన మార్కుల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. రెండోసారి మాత్రం తండ్రి డ్రైక్లీనింగ్ షాపులో, కౌంటరు మీదే పుస్తకాలు పరుచుకుని చదివాడు. ఎదురెదురుగా వచ్చే రైళ్ళు ఎక్కడ కలుస్తాయో చెప్పగలిగే స్థితికి అతను చేరుకునేసరికి, ఎవరి కోటు ఎవరింటికి పోయిందో చెప్పలేని స్థితికి షాపు చేరుకుంది.

ఇక మిగిలింది దరఖాస్తు. దానికో కన్సల్టెంటుని పెట్టారు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయనివ్వకపోవడం ఆయన వృత్తి.

"మీరు చేసేది బట్టలుతకడం కాదండీ, వస్త్ర సంరక్షణ" అన్నాడు తండ్రితో.

"వయసంతా ఇందులోనే గడిచింది. ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు" అని తండ్రి పొంగిపోయాడు.

ఆమధ్య అబ్బాయి ఒక పెళ్ళికొడుకు కోటు ఇంకెవరికో ఇచ్చేసి, పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ వస్తే బట్టల మూటల వెనక దాక్కున్నాడు. దరఖాస్తు వ్యాసంలో అది 'సంక్షోభంలో సంయమనం' అయింది. చదివి తల్లి కళ్ళు తుడుచుకుంది.

"ఇంకొక్కటే మిగిలింది" అన్నాడు కన్సల్టెంటు. "సిఫారసు లేఖ. అబ్బాయి పై అధికారి రాయాలి."

"నేనున్నాగా."

"మీరు తండ్రి. బంధువులు రాయకూడదు."

"అయితే లెక్కలు చూసే మా బావమరిది రాస్తాడు."

"ఆయన బంధువు కాదా?"

"మాకు మాటల్లేవు లెండి."

పక్కనే కూర్చున్న బావమరిది "అవును, లేవు" అన్నాడు గోడతో.

గుండీలు కుట్టేది తల్లి. వ్యాను నడిపేది పెదనాన్న కొడుకు. ఆ షాపులో రక్తసంబంధం లేనివాడు ఒక్కడే ఉన్నాడు. వెనకగదిలో ఆవిరి మధ్య నిలబడి కోట్లు నొక్కే ఇస్త్రీ మేస్త్రి. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అక్కడి యంత్రం బుస ముందు ఎవరి నాలుకా వినబడదని ఎవరికీ తోచలేదు.

"ఈయన్ని మేనేజరు చేసేద్దాం" అన్నాడు కన్సల్టెంటు. "పేరుకి కాదు, నిజంగానే. స్కూలువాళ్ళు ఫోన్ చేసి కనుక్కుంటారు. అప్పటిదాకా షాపంతా అలవాటు పడాలి."

"చేద్దాం. మనది పోయేదేముంది?" అన్నాడు తండ్రి.

మేస్త్రిని పిలిచి సంగతి చెప్పారు. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నేనేం చెయ్యాలి బాబూ?"

"మావాడి పని బాగుందని సంతకం పెట్టాలి."

"చూశాక పెడతాను."

"ఇన్నాళ్ళూ చూళ్ళేదా?"

"చెయ్యంది ఎట్లా చూస్తానండీ?"

అలా అబ్బాయి మేస్త్రి చేతికిందికి వెళ్ళాడు. మొదట్లో "చిన్నబాబుగారూ, ఆ మూట కాస్త ఇటు అందిస్తారా?" అని పిలుపు. తర్వాత "అబ్బాయీ, మూట." ఆ తర్వాత వేలు చూపిస్తే సరిపోయేది. కోట్ల చంకలు వాసన చూసి వేరుచెయ్యడం, కాలర్లకు గుర్తుచీటీలు గుచ్చడం, మరకలు రుద్దడం, అన్నీ అబ్బాయి మీద పడ్డాయి. చివరికి ఇస్త్రీ కూడా. మేనేజర్లు ఇస్త్రీ చెయ్యరని మేస్త్రికి చెప్పింది కన్సల్టెంటే.

తండ్రి గదిలోకీ, ఆయన కుర్చీలోకీ మేస్త్రి ఎప్పుడు మారాడో ఎవరూ గమనించలేదు. మారాక తెలిసింది. పొద్దున్నే అందర్నీ బాయిలరు చుట్టూ నిలబెట్టి మీటింగు పెట్టేవాడు.

"నిన్న మనం ఏం నేర్చుకున్నాం?" అని అడిగేవాడు.

"నేనేం నేర్చుకుంటాను, నా ఖర్మ" అనేవాడు బావమరిది.

"అదీ రాసుకో అబ్బాయీ" అనేవాడు మేస్త్రి.

ఇంట్లో తల్లి భర్తని నిలదీసింది. "మీ కుర్చీలో ఆయన కూర్చుంటే మీరెక్కడ కూర్చుంటున్నారండీ?"

"నిలబడితే నడుముకి మంచిదట."

"ఎవరన్నారు?"

"మేనేజరుగారు."

సిఫారసు లేఖ కన్సల్టెంటే రాసుకొచ్చాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని, చదివించుకుని విన్నాడు.

"బాగుంది. నా గురించే తక్కువైంది" అన్నాడు.

"లేఖ అబ్బాయి గురించండీ."

"ఎవరి కింద తయారయ్యాడో తెలియకపోతే, తయారయ్యాడని వాళ్ళెలా నమ్ముతారు?"

కన్సల్టెంటు మళ్ళీ కలం తీశాడు. లేఖ మళ్ళీ రాశారు. అందులో సింహభాగం మేస్త్రి దూరదృష్టి. అబ్బాయి ఆఖరి పేరాలో వచ్చాడు.

స్కూలు నుంచి ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. బాయిలరు ఆపేశారు. యంత్రం నోరు మూయించారు. అందరూ మేస్త్రి చుట్టూ చేరారు. అబ్బాయి ముఖం ఉతికిన గుడ్డలా తెల్లబడింది. ఈ ఆవిరి గదిలోంచి అతను బయటపడాలంటే ఇదొక్కటే దారి. అది ఇప్పుడు మేస్త్రి నోట్లో ఉంది.

"అబ్బాయి ఎలాంటివాడు?" అని అడిగింది స్కూలావిడ. ఫోను స్పీకర్లో పెట్టారు కనుక అందరికీ వినబడింది.

"బంగారం మేడమ్."

తల్లి దండం పెట్టుకుంది.

"మీ సంస్థకు ఎంత ముఖ్యం?"

"అతను లేకపోతే షాపు మూతే. కాలర్లూ అతనే, కఫ్‌లూ అతనే. వీళ్ళందరూ ఉన్నారు, ఉన్నారంతే."

బావమరిది ఏదో అనబోయాడు. కన్సల్టెంటు ఆయన నోరు మూసి, రెండో చేత్తో మేస్త్రికి బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"సంతోషం. మరి అతన్ని ఎప్పుడు వదలగలరు?"

మేస్త్రి కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం చూడగానే తండ్రికి సంగతి అర్థమైంది. పనివాడు సెలవడిగినప్పుడు తను వాలేది అచ్చం అలాగే.

"ఇప్పుడెక్కడండీ! ఇంకా కాలర్లు దాటి కోట్లదాకా రాలేదు. ఇంకో ఏడాది నా చేతికింద నలిగితే మనిషవుతాడు. మీలాంటి పెద్దవాళ్ళకు పచ్చి సరుకు పంపడం నాకు మనస్కరించదు."

"ఇంత నిజాయితీగా చెప్పేవాళ్ళు అరుదండీ" అని స్కూలావిడ మెచ్చుకుని ఫోను పెట్టేసింది.

"కొంప ముంచావు కదయ్యా మేస్త్రీ!" అన్నాడు తండ్రి.

"మంచి పనివాణ్ణి ఎవరు వదులుకుంటారండీ? మీరైతే వదులుతారా?"

"పనివాడేమిటి! వాడు నా కొడుకు!"

"ఇందులో బంధుత్వాలు పనికిరావని మీ కన్సల్టెంటుగారేగా అన్నారు."

కొద్దిరోజులకు స్కూలు జవాబు వచ్చింది. ఈసారికి సీటు లేదు. మార్కులు వచ్చే ఏడాదికీ చెల్లుతాయి. వెనకగదిలో కన్సల్టెంటు చదివి వినిపిస్తుంటే తండ్రి చొక్కా చేతులు పైకి మడిచాడు. మేస్త్రిని కుర్చీలోంచి లేపి మళ్ళీ ఆవిరిలోకి తోలడానికి బయల్దేరాడు.

"ఆగండి, ఇంకో వాక్యం ఉంది" అన్నాడు కన్సల్టెంటు. "మళ్ళీ దరఖాస్తు చేసేటప్పుడు, ఇదే పై అధికారి నుంచి తాజా సిఫారసు జతచెయ్యాలట."

తండ్రి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాన్నా," అన్నాడు అబ్బాయి ఇస్త్రీబల్ల దగ్గర్నుంచి, కోటు భుజం నొక్కుతూనే. "ఆయన్నేమీ అనకు."

తండ్రి మడిచిన చేతుల్తోనే వెళ్ళాడు. తలుపు తట్టాడు. రమ్మన్నాక లోపలికెళ్ళాడు. మేస్త్రి కళ్ళెత్తి ఏమిటన్నట్టు చూశాడు. తండ్రి "ముఖాన ఎండ పడుతున్నట్టుందండీ" అని కిటికీ తెర లాగి బయటికొచ్చాడు.