ఉడత కొన్న మడత కత్తి

కత్తి వెన్నును బల్ల అంచుకు తట్టగానే, బిగిసి నిలబడాల్సిన బ్లేడు చటుక్కున మడతపడి వదిన వేళ్ళ మీదికి వచ్చింది.

వేళ్ళు వెనక్కి పెట్టి పట్టుకునే అలవాటు ఉంది కాబట్టి బతికిపోయింది.

బల్లకు అవతల నిలబడ్డ టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లల్ని కొండల మీదికి తీసుకెళ్తున్నానని, తాళ్ళు కోయడానికీ పళ్ళు తరగడానికీ చవకలో ఒక మడత కత్తి కావాలని వదిన కొట్టుకు వచ్చిందావిడ. వదిన అందరికీ చెప్పేదే ఆవిడకూ చెప్పింది. బ్లేడు అరచేతి కంటే పొడుగక్కర్లేదు, మెరుపులకూ నగిషీలకూ డబ్బు పొయ్యక్కర్లేదు, తెరిచాక లోపలి రేకు ఒకటి వచ్చి బ్లేడు మొదలుకు ఆనుకుని నిలబడాలి, మడత కత్తికి ప్రాణం ఆ పట్టులోనే ఉందని. ఆ పట్టు చూపిద్దామనే తట్టింది. తీరా ప్రాణమే పోయింది.

టీచరమ్మను సాయంత్రం రమ్మని పంపేసి, అద్దాల అరలోని చవక కత్తులన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటీ తట్టింది. అన్నీ మడతపడ్డాయి. పక్క అరలోని ఖరీదైన కత్తులు తట్టింది. రాయిలా నిలబడ్డాయి.

సరుకు దిగిన రోజున ప్రతి కత్తినీ ఆమే బల్లకేసి కొట్టి చూసింది. అప్పుడు ఒక్కటీ జారలేదు. అరలో పడుకున్న కత్తికి పట్టు దానంతటది సడలదు. ఎవరిదో చెయ్యి పడింది.

ఎవరిదన్నది తర్వాతి మాట. పొద్దున్నే వాటిలో ఒకటి ఉడత కొనుక్కుపోయాడు.

చెట్లెక్కి కొమ్మలు కోసేవాణ్ణి వీధి వీధంతా ఉడత అనే పిలుస్తుంది. పొద్దున వాడు ఒక పట్టాన తేల్చలేదు. పుచ్చకాయలు ఎంచినట్టు అన్నీ తెరిచి, మూసి, చివరికి ఒకటి ఏరుకుని, "ఇది వెన్నలా మూసుకుంటోంది వదినా" అన్నాడు. చవక సరుకులో ఇంత నునుపు రాదే అని వదినకూ అనిపించింది. అనిపించి ఊరుకుంది. ఊరుకోక, వాడి వేళ్ళకు తను పూచీ అని కూడా అంది.

వాడు కత్తిని వాడే తీరు ఆమెకు తెలుసు. ప్రకటన బోర్డులు కట్టిన తాళ్ళు బెరడులోకి కూరుకుపోతే, వాటి కిందికి మొన దూర్చి పెకలిస్తాడు. ఒక చెయ్యి కొమ్మకు, రెండో చెయ్యి కత్తికి. మొన మీద బరువు పడితే ఆ బ్లేడు ఎటు మడతపడుతుందో ఊహించడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. వేళ్ళు పోయిన మనిషి చెట్టెక్కలేడు. చెట్టెక్కని ఉడతకు కూడెవరు పెడతారు?

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. అంతే.

మరిది గోదాములోంచి తాపీగా వచ్చాడు. ఊళ్ళో అందరూ ఆమెను వదినా అంటారు గానీ హక్కున్నవాడు వాడొక్కడే. బల్ల మీది కత్తులు చూసి, "చవక సరుకంటే ఇంతే. ఖరీదైనవే పెడదాం వదినా అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?" అన్నాడు.

ఆమె వాడి మొహంలోకి చూసింది. అడగాల్సినది చాలా ఉంది. వేళ లేదు. ఉడత ఇవాళ ఎక్కడ ఎక్కాడో మాత్రం అడిగింది. ఆసుపత్రి వెనక రోడ్డని చెప్పాడు. మూలన కూర్చుని టార్చిలైటు విప్పుకుంటున్న మామగారు తలెత్తి చూసి, మళ్ళీ దించేసుకున్నారు.

స్కూటరు మొదటి మలుపులోనే ఇటుకల లారీ వెనక ఇరుక్కుంది. హారన్ కొట్టింది. లారీ కదల్లేదు. కాలవ గట్టున పడి సందులోకి తిప్పితే, సందు చివర ఎవరో పరుపు ఎండేశారు. పరుపు పక్కకి లాగి, తిట్లు తిని, మళ్ళీ బండెక్కింది. ఏ క్షణం ఏ కేక వినపడుతుందోనని చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

ఆసుపత్రి వెనక రోడ్డు నిండా నరికిన కొమ్మలు. పైన, ఆకుల మధ్య ఉడత నడుముకు తాడు చుట్టుకుని వేలాడుతున్నాడు. చేతిలో కత్తి మెరిసింది. వదిన నోరు తెరిచి, ఠక్కున మూసుకుంది. అదిరిపడ్డాడా, మొదటికే మోసం. కింద తాడు పట్టుకున్న మనిషి దగ్గరకు పరుగెత్తి, వాణ్ణి దింపెయ్యమని చెవిలో చెప్పింది. అతను తాడును మెల్లగా ఊపాడు. ఉడత కిందికి చూశాడు.

దిగాక తెలిసింది, ఆలస్యమే అయిందని. చేతికున్న తోలు తొడుగు రెండు వేళ్ళ మీదా కోసుకుపోయి ఉంది. ఒక వేలికి గీటు పడి నెత్తురు అంటుకుంది. తొడుగు లేకపోతే ఆ వేళ్ళు కొమ్మలతో పాటు కిందే ఉండేవి.

"ఇందాకే కరిచింది. నేనే సరిగ్గా పట్టుకోలేదేమో అనుకుని మళ్ళీ మొదలెట్టాను" అన్నాడు. వదిన ఆ కత్తిని వాడి చేతిలోంచి లాగేసుకుంది. ఎవరో దీని పట్టు సడలగొట్టారని చెప్పి, ఇంకో కత్తి ఇస్తానంటే వాడు తల అడ్డంగా ఊపాడు. "కత్తి సంగతి తర్వాత. దీన్నిలా చేసిందెవరో కనుక్కో వదినా. వాణ్ణోసారి ఈ వేలు చూడమను."

కొట్టుకు తిరిగి వచ్చేసరికి ఆమె గుండెల్లో భయం పోయి మంట మిగిలింది. ఉడత కత్తిని వెలుగులోకి తిప్పి చూసింది. లోపలి రేకు కొస, బ్లేడుకు ఆనే చోట, అద్దంలా మెరుస్తోంది. ఎవరో ఓపిగ్గా, ప్రేమగా అరగదీశారు. మరిది ముందు పెట్టి, ఖరీదైన సరుకు తెప్పించడానికి ఇంతకు తెగించావా అని అడిగేసింది. వాడి చూపు మూలకు వెళ్ళింది.

మామగారు లేచి నిలబడ్డారు. జీవితమంతా గడియారాలు బాగుచేసిన చేతులతో టార్చిలైటు ముక్కల్ని పక్కన పెట్టారు.

"వాణ్ణేమీ అనకమ్మా. నేనే చేశాను. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఒకటీ రెండూ తీసి అరగదీసేవాణ్ణి. వచ్చినవాళ్ళు తెరుస్తున్నారు, మూయలేక బొటనవేలు నొక్కుకుంటున్నారు, పెట్టేసి పోతున్నారు. నువ్వేమో అరవంక చూసి నిట్టూరుస్తున్నావు. నా పనిలో ఏది గరగరలాడినా జబ్బే. ఇరుసైనా పంటి చక్రమైనా నునుపు చేస్తే రోగం పోయేది. దీనికీ అదే వైద్యం అనుకున్నాను. గట్టిగా పట్టుకోవడమే దాని పనని నాకు తోచలేదు. ఆ పిల్లాడి వేలు చూడమంటే వెళ్ళి చూస్తాను, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. కానీ ఇంకోటుంది, అదీ వినెయ్యి. సరుకు దిగిన రోజున నువ్వు వాటిని బల్లకేసి కొడుతుంటే నేనిక్కడే కూర్చుని చూశాను. ఎందుకలా కొడుతున్నావో నాకర్థం కాలేదు. అడగొచ్చు. నోటిదాకా వచ్చింది. అడిగితే, ముసలాడికి ఈ కొట్లో పని ఏమీ తెలీదని మీకు తెలిసిపోతుందని, అడగలేదమ్మా."