మ్యుటేషన్ కాని పాటలు

బడి టీచరైన పెండ్లాం మనోరమ రిటైర్మెంట్ ఫంక్షన్‌ల పాటల సంగతి తనే చూసుకుంటనని బాపు రావు ఒప్పుకున్నడు. ఒప్పుకున్నది ఇంట్ల పెండ్లాం ముంగట అయితే ఎట్లనన్న సదురుకోవచ్చు. సడ్డకుడు సతీశ్ ముంగట ఒప్పుకున్నడు. సతీశ్ అంటే మనోరమ చెల్లె జమున మొగడు. సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడిపిస్తడు. బిడ్డ పెండ్లికి హైదరాబాద్ కెల్లి డీజేను పిలిపించిన సంగతి సందు దొరికితే చాలు ఎత్తుతడు.

"డీజేలెందుకు సతీశ్, కంప్యూటరున్నది, నేనున్న. కోరుట్లల మన మొహియుద్దీన్ భాయ్ తోని స్పీకర్ డబ్బాలు, మైకు పెట్టిస్తే సాలు," అన్నడు బాపు రావు.

"నీతోని అయితదా అన్నా?" అని సతీశ్ నవ్విండు.

ఆ నవ్వు పట్టుకునే బాపు రావు కంప్యూటర్ ముంగట కూసున్నడు.

ఆయన తహసీల్ ఆఫీసుల నౌకరి చేసి దిగిపోయిన మనిషి. తాత మేడిపల్లి దిక్కు దొర. భూములు ఎప్పుడో కరిగినయి గని మాటల వజను తగ్గలే. నౌకరంతా మ్యుటేషన్లతోనే గడిచింది. భూమి ఒకరి పేరు మీదికెల్లి ఇంకొకరి పేరు మీదికి మార్చుడన్నట్టు. కాయిదం మీద పేరు మారితే లోకమే మారినట్టని ఆయన నమ్మకం.

ఫోన్ల పాటల యాప్ ఉన్నది. ఏడాది పైసలు ఒక్కసారే కట్టిండు. మనోరమకు ఇష్టమైన పాటలని చెప్పి తనకిష్టమైనవన్ని ఏరి, ఒక్కొక్కటే డౌన్‌లోడ్ చేసిండు. వైరు పెట్టి ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, లోపల దేవులాడి దేవులాడి ఆ ఫైళ్లు దొరకబట్టిండు. కాపీ చేయలే, కట్ చేసి పేస్ట్ చేసిండు. ఒక్కటే ఆస్తి రెండు తావుల కనబడితే కేసులు పడుతయన్నది ఆయన అనుభవం.

అన్ని వచ్చినయి. చాయ తాగి, మొదటి పాట మీద రెండుసార్లు నొక్కిండు. "ఈ ఫైలును తెరవడం సాధ్యం కాదు" అన్నది కంప్యూటర్. రెండోదీ గంతే. మూడోదీ గంతే.

ముందు స్పీకర్ల మీద అనుమానపడి వైర్లన్ని పీకి మళ్ల పెట్టిండు. వార్తలు పెడితే గణగణ మోగినయి, అంటే స్పీకర్లది తప్పు కాదు. పాటలు వాయించే సాఫ్ట్‌వేర్ పాతదైందేమోనని కొత్తది ఎక్కించిండు. దానెంబడి పిలవని సుట్టాలోలె ఇంకేవో రెండు మూడు ఎక్కి, తెర మీద రమ్మీ ఆడుమని పిలుసుడు మొదలువెట్టినయి. పాటలు మాత్రం పాడలే.

అప్పుడు ఆయన కండ్లు ఫైళ్ల పేర్ల మీద పడ్డయి. పాటలంటే పేరు చివర ఎంపీత్రీ అని ఉండాలె. వీటికి ఇంకేదో తోక ఉన్నది.

"ఇగో, దొరికింది! పేరుల తప్పు పడ్డది," అని వంటింట్లకు వినబడేటట్టు అన్నడు.

పొద్దంత కూసోని ఒక్కొక్క పాటకు పాత తోక కోసి, ఎంపీత్రీ అని కొత్త తోక పెట్టిండు. పేరు మారిస్తే ఫైలు ఖరాబైతదని కంప్యూటర్ ప్రతిసారి హెచ్చరించింది. ఆయన నౌకరిల ఇసొంటి అభ్యంతరాలు ఎన్నో చూసిండు. అన్నింటికీ సరే అని నొక్కుకుంట పోయిండు. చివరికి మళ్ల మొదటి పాట మీద నొక్కితే, కంప్యూటర్ మళ్ల అదే మాట అన్నది.

ఇగ హైదరాబాద్‌ల నౌకరి చేస్తున్న బిడ్డ హర్షితకు ఫోన్ చేయక తప్పలే.

"డాడీ, అవి యాప్ పాటలు. తాళం వేసి ఇస్తరు. తాళంచెవి యాప్ తాననే ఉంటది. కంప్యూటర్ల ఏం చేసినా మోగవు."

"డౌన్‌లోడ్ అని రాసున్నది గద బిడ్డా! పైసలు కూడ కట్టిన."

"కౌలుకు కట్టిన్రు. మీరేం కొనలే."

దొర మనుమడు ఫోన్ ఒక చెవికెల్లి ఇంకో చెవికి మార్చిండు. తాత కాలంల కౌలుకిచ్చుడే తప్ప, కౌలుకు తీసుకునుడు ఆ ఇంట్ల లేదు.

"ఫోన్లనే మళ్ల డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌నే డబ్బాకు కలుపుండ్రి. గంతే," అన్నది హర్షిత.

గంతేనా అనుకున్నడు బాపు రావు. గంతే అయితే తొందరేమున్నది, హాల్లకు పోయినంక చేసుకోవచ్చు.

కోరుట్లల ఫంక్షన్ హాలు నేల కింద ఉన్నది. మెట్లు దిగుతుంటెనే ఫోన్ల సిగ్నల్ ఒక్కొక్క గీత రాలిపోయి, కిందికి చేరేసరికి ఏం మిగల్లే. బాపు రావు ఫోన్ పట్టుకొని మెట్ల మీదికి ఉరికి, కిందికి దిగి, మళ్ల ఉరికిండు. పైన ఒక్క పాట సగం డౌన్‌లోడ్ కాంగనె లోపలికెల్లి పిలుపు వచ్చింది.

"రావ్ సాబ్, పాటలు మీవేనంటిరి గద," అన్నడు గులాం మొహియుద్దీన్. ఆయన తెల్లగడ్డం దువ్వుకుంట డబ్బాల పక్కన నిలబడ్డడు. "నా తాన ఈ పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉన్నది. మా పోరడు ఖాలిద్ ఏం నింపిండో నాకెరుక లేదు."

"ఏదో ఒకటి పెట్టు భాయ్, ఇజ్జత్ పోతది."

ఖాలిద్ పెండ్లి బరాత్ పాటలు నింపిండు. డప్పు మోత ఒక్కసారి మొదలయ్యేసరికి ముందు వరుసల కూసున్న రిటైర్డ్ హెడ్‌మాస్టర్లు కుర్చీలు పట్టుకున్నరు. ఎనక ఎవలో పోరగాండ్లు ఈల వేసిన్రు. స్టేజీ మీద శాలువ కప్పుకొని కూసున్న మనోరమ చెయ్యి లేపింది. బడిల ఆ చెయ్యి లేస్తే పిల్లలు గప్‌చుప్ అయ్యేటోళ్లట. మొహియుద్దీన్ కూడ అయిండు.

పాట బందైంది. సతీశ్ తిరిగి బాపు రావును చూసిండు. బాపు రావు హాలు పైకప్పును చూసిండు.

మనోరమ మైకు తీసుకున్నది.

"మా ఇంట్ల ఆయన మాట్లాడుతడు, బడిల గంట మాట్లాడుతది. నాకు మైకు దొరికింది ఇయ్యాల్నే," అన్నది. అందరు నవ్విన్రు.

ఇగ ఆపలే. రాయికల్ దగ్గర ఆ బడిల చేరిన కొత్తల సంగతులు చెప్పింది. తల్లితోని కూసోని బీడీలు చేసి, పొద్దుగాల క్లాసుల నిద్రపోయే ఒక పిల్లను కొట్టబోయి, చేతులు చూసి ఆగి, ఎనక బెంచి మీద పండుకోనిచ్చిన సంగతి చెప్పింది. చెప్తుంటెనే ఆ పిల్ల, కహకషాన్, ఇప్పుడు దవాఖానల నర్సు, లేచి "మేడం, గురక పెట్టేదాన్నా?" అని అడిగింది. బడిల అన్నం వండే రాములవ్వ కుర్చీలకెల్లే "పెట్టేదానివి బిడ్డా, వంటర్రకు ఇనబడేది" అన్నది. హాలు గొల్లుమన్నది.

"మా ఇల్లున్న జగిత్యాలకే రెండుసార్లు బదిలీ వచ్చింది," అన్నది మనోరమ. "రెండుసార్లు నేనే వద్దన్న. ఇంట్ల చెప్పలే."

ఆ బదిలీ కోసం బాపు రావు ఎవరెవరిని కలిసిండో, ఎంత పలుకుబడి వాడిండో, అయినా ఎట్ల కాలేదో, ఈ హాల్ల సగం మందికి ఆయనే సొంతంగ చెప్పి ఉన్నడు. ఇప్పుడు వాళ్లంత ఒక్కరొక్కరే తిరిగి ఆయన దిక్కు చూస్తున్నరు. ఏం చెయ్యాల్నో తోచక చప్పట్లు కొట్టిండు. అందరికంటె ముందు ఆయనే కొట్టిండని, ఎంత పెద్దమనసని, తర్వాత జమున నలుగురికి చెప్పింది.

తిండి కాడ సతీశ్ పళ్లెం పట్టుకొని వచ్చిండు.

"అన్నా, పాటల మోత లేకపోవుడే మంచిగైంది. చెవులు బతికినయి. మా బిడ్డ పెండ్లిల ఎవలేం మాట్లాడుకున్నరో ఇప్పటికి తెల్వది. ఇది ఎవల ఐడియా?"

"అనుకునే చేసిన," అన్నడు బాపు రావు.

పక్కన నీళ్లు తాగుతున్న మొహియుద్దీన్‌కు పొలమారింది.

వాపసు కార్ల జగిత్యాల తొవ్వ పట్టిన్రు. మేడిపల్లి దాటేదాంక బాపు రావు నోరు విప్పలే. ఆయన పెండ్లయినంక అంతసేపు ఊకున్నది అదే మొదలు.

"నాకెందుకు చెప్పలే?" అని అడిగిండు చివరికి.

"మీరు నా కోసం తిరుగుతుంటే, పాపం ఆయనకొక పని ఉన్నదని ఊకున్న," అన్నది మనోరమ.

కోపమొచ్చిందో, నవ్వొచ్చిందో ఆయనకే తెల్వలే. ఇన్నేండ్లల ఆ బడి గేటు కూడ తను చూడలేదని మాత్రం యాదికొచ్చింది.

"ఒకసారి మీ బడి సూపెట్టరాదు."

"రిటైరైనంకనా?"

"నాకైనా ఇప్పుడే పుర్సత్ దొరికింది."

సోమవారం పోయిన్రు. మనోరమను పిల్లలు లోపలికి గుంజుకపోయిన్రు. గేటు కాడ ఒంటరిగ నిలబడ్డ బాపు రావును కొత్తగ వచ్చిన టీచరమ్మ ఒకామె "మీరెవరు సార్?" అని అడిగింది. ఆయన గొంతు సదురుకొని, తహసీల్ ఆఫీసుల తన పాత హోదా చెప్పబోయి ఆగిండు.

"మనోరమ మేడం ఇంటాయనను," అన్నడు.

"అయ్యో, లోపలికి రండి సార్," అని ఆమె కుర్చీ తెప్పించింది.