గోరంత కాగితం

చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు మీద హోటల్ నడిపే మదన్‌మోహన్ ఇప్పటికీ నన్ను చూస్తే మోటార్‌సైకిల్ ఆపి మరీ పలకరిస్తాడు. "రామ్‌కిషనన్నా, మంచిగున్నవా?" అంటాడు. వాడు మంచిగున్నాడు కాబట్టి అడుగుతాడు. మా ఊరు మొగుడంపల్లిలో నాకు "కాయిదపోడు", అంటే కాగితంవాడు, అని పేరు పడింది వాడి వల్లనే. ఆ పేరుతో పిలిస్తే మొన్నమొన్నటి దాకా తల ఎత్తేవాణ్ణి కాదు. ఇప్పుడు అలవాటైపోయింది.

డెబ్బై ఎనిమిది ఎండాకాలం అది. మా నాయన, చిన్నాయన కలిసి తవ్విన బావి దగ్గర ఒక పొలం ఉండేది. ఇద్దరూ పోయారు. దాన్ని నాకూ, చిన్నాయన కొడుకు అమర్నాథ్‌కూ చెరి సగం చేయాలని మహాదేవప్ప పటేల్ ఇంటి ముందు పంచాయితీ పెట్టుకున్నాం. అమర్నాథ్ మాటకారి. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఆ పొలంలో నా సగం దక్కకపోతే బతుకంతా కూలేనని తెలుసు. ఆ బెంగతోనే పంచాయితీ నాడు పొద్దున హోటల్‌కు పాలు పోయడానికి పోయాను.

"ఏమన్నా, మొఖం గట్ల ఏలాడేసినవు?" అన్నాడు మదన్‌మోహన్.

సంగతి చెప్పాను. గల్లాపెట్టెలోంచి కాగితం తుంపులు తీశాడు. ఒక్కొక్కటి గోరంత, మధ్యలో ఊదా చుక్క.

"పొడుగు జుట్టు దొరలు బండి చెడిపోతె రెండు దినాలు ఈడ్నె ఉన్నరు. పోయేటప్పుడు ఇచ్చిన్రు. ఫారిన్ భంగు. వాసన రాదు, ఎవనికి తెల్వదు. నాలిక మీద పెట్టుకో, దిల్ హల్కా అయితది. పంచాయితీల పులి లెక్క మాట్లాడ్తవు."

"గింత దానితోని ఏమైతదిరా?"

"ఏసుకొని చూడు."

వేసుకున్నాను. వాడు టీ పోశాడు, తాగాను. ఏమీ కాలేదు. మా దిక్కు కాముని పున్నానికి, హోళీ పండుగకు, భంగు తాగడం వాడుకే. ఎక్కలేదంటే ఇంకో గిలాస, అదే లెక్క. ఆ లెక్కనే నేను దీనికీ పట్టుకున్నాను.

"నీకు ఏం పెట్టినా ఎక్కదే! బర్రె పానం నీది," అని వాడు నవ్వాడు. రోషం వచ్చి ఇంకో రెండు వేసుకున్నాను. అది గంట గడిస్తే గానీ పైకి రాదని నాకేం తెలుసు?

పంచాయితీలో కూర్చున్నాక వచ్చింది. ముందు పటేల్ మీసాలు పాకాయి. తర్వాత నా కాళ్ల కింది నేల ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. మీదికి లేస్తోంది, కిందికి దిగుతోంది. గుండె గొంతులో కొట్టుకుంటోంది. చచ్చిపోతున్నానని అరిచాను. అంగీ చింపుకున్నాను. నాలుక కొరుక్కుని నెత్తురు కక్కాను.

పక్క పొలం జబ్బార్ నా కళ్లు చూశాడు. "పటేల్, వీని కండ్లు మంచిగ లెవ్వు. ఏమన్న తిన్నడేమో. జహీరాబాద్ దవాఖానకు తీస్కపోదాం, నేను బండి కడ్త," అన్నాడు.

"నువ్వు జర ఆగు జబ్బారూ!" అని మా అమ్మ లక్ష్మమ్మ అడ్డం వచ్చింది. "ఎల్లమ్మ తల్లి వచ్చింది నా కొడుకు మీదికి. మా అత్తకు గూడ గిట్లనే వస్తుండె."

అంతే. పసుపు నీళ్లు వచ్చాయి, వేపమండలు వచ్చాయి, డప్పు వచ్చింది. ఒక్కో దెబ్బకు నా తల పగిలి మళ్లీ అతుక్కుంటోంది. ఆడవాళ్లు నా కాళ్ల మీద పడుతున్నారు. మా అమ్మ నా పాదాలు కడిగి ఆ నీళ్లు తన నెత్తిన చల్లుకుంది. పటేల్ చేతులు జోడించాడు.

"తల్లీ, బాయికాడి పొలం ఎట్ల పంచాలె? నువ్వే చెప్పు."

నాకు ఆ నేల బతికున్న మనిషిలా కనబడుతోంది. పంచడమంటే కోయడమే అనిపించింది.

"కొయ్యకున్రి! నెత్తురొస్తది! అంత వానికే ఇయ్యిన్రి!" అని ఏడుస్తూ అమర్నాథ్‌ను పట్టుకున్నాను.

అది అమ్మవారి మాట అయిపోయింది. అప్పుడే పోయి పొలమంతా అమర్నాథ్‌దేనని గట్టు రాళ్లకు పసుపు పూశారు.

రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. తెలివి వచ్చాక పటేల్ ముందుకు పోయి చెప్పాను. "అది అమ్మ కాదు పటేల్. మదన్‌మోహన్ ఇచ్చిన కాయిదం తిన్న. నా మాట లెక్కకు రాదు."

వాణ్ణి పిలిపించారు. అందరి ముందూ పగలబడి నవ్వాడు.

"కాయిదం తింటె పిచ్చి లేస్తదా పటేల్? బడి పిలగాండ్లు దినాం నములుతరు. ఈయన నాలుగో తరగతిల బడి మానేసిండు గద, కాయిదం రుచి తెల్వక తిన్నడేమో!"

ఊరంతా నవ్వింది. కల్లు అంటే నమ్మేవారు, సారా అంటే నమ్మేవారు. నేను గోరు చూపించి "గింత" అంటుంటే ఎవరు నమ్ముతారు? జబ్బార్ వైపు చూశాను. "నేను దవాఖానకు పోదామన్న, గంతే. ఏం తిన్నవో నాకెట్ల ఎరుక?" అని తల దించుకున్నాడు.

మా అమ్మ లేచింది. నెత్తి మీద పసుపు ఇంకా పోలేదు.

"నీ కాళ్లు కడిగిన నీళ్లు నెత్తిన పోసుకున్న. ఇయ్యాల భూమి కోసం తల్లినే అబద్ధం చేస్తున్నవారా?" అని నన్నడిగి, పటేల్ దిక్కు తిరిగింది. "వీని మాట ఇనకున్రి. అమ్మ చెప్పినట్టె అమర్నాథ్‌కు రాయిన్రి. నా కొడుకు తప్పుకు గదే దండుగ."

తర్వాత ఐదేళ్లు బతికింది. అన్నం పెట్టింది గానీ నా మొఖం చూడలేదు. నేను తిన్నది కాగితమేనని నమ్మితే ఆమె పరువు పోతుంది, నమ్మకపోతే నా పరువు పోతుంది. ఆమెను ఏమని అనను?

ఇప్పుడు ఆ హోటల్‌లో లారీ క్లీనర్లకు రంగు రంగుల మత్తు గోలీలు దొరుకుతున్నాయని విన్నాను. అందుకే సిగ్గు విడిచి రాస్తున్నాను. కల్లు ఎంత తాగారో ముంత చెబుతుంది, సారా సంగతి వాసన చెబుతుంది. దీని కొలత కంటికి ఆనదు. ఎక్కలేదని ఇంకోటి వేసుకోకండి. అసలు మొదటిదే ముట్టకండి. ఎవరైనా నాలా పడి కొట్టుకుంటుంటే డప్పు కాదు, దవాఖాన. నాకు ఇప్పటికీ ఒక్కోసారి తెల్ల గోడ కదులుతుంది.

ఆ పొలంలో అమర్నాథ్ అల్లం వేస్తాడు, నేను కూలికి తవ్వుతాను. పోయిన నా వాటా ఎకరం ముప్పై రెండు గుంటలు, సగం బావి.