మూఁడు నాళ్ల ముందటి పథ్యము

వానకారు వెనుదీసి శరత్సమయము మెల్లమెల్లన నడుగిడుచు నిర్మలాకాశవితానమునఁ దెలిమబ్బులఁ జల్లి అగడ్తనీటిఁ దేటపఱచి పాలుపట్టిన వరివెన్నులఁ దలలు వాల్పించి ప్రభాతమందమారుతమును కోటబురుజులపైఁ బాఱించుచుండఁగా మేడిపూడి సంస్థానమంతయుఁ గన్నులపండువై యుండెను. అయినను కోటలోని వారికి దాని నవలోకించు తీఱిక లేదు. ఇరువదియొక్క దినములు సన్నిపాతజ్వరపీడితయై మృత్యుముఖమునుండి మరలివచ్చిన రాజపుత్రి కోనమాంబ యను ఏడేండ్ల పసిది "ఆఁకలి" యని యెప్పుడు పలుకునా యని రాణివాసమెల్ల చెవులు రిక్కించుకొని యుండెను.

జ్వరమును దింపినవాఁడు ఆస్థానవైద్యుఁడు ఓరుగంటి పేరిభొట్లు. సకలనిఘంటుపారంగతుఁడును నాడీజ్ఞానధురంధరుఁడును ముప్పదియేండ్లుగా రాజమాన్యుఁడునైన యా వృద్ధుఁడు కంటికిఁ గునుకు లేక పసిదాని మణికట్టు విడువక కూర్చుండి రసౌషధములఁ దేనెతో నూఱి నాకించి జ్వరమును జయించెను. అటుపిమ్మట లంఘనములచేఁ గృశించిన జఠరాగ్నిని మరల రగుల్కొల్పు పనిని వంటయింటి నాంచారమ్మకుఁ దానే యప్పగించెను. మొదట మెతుకు లేని తేటగంజి, పిదప నాలుగు మెతుకులు తేలు జావ, ఆపైఁ జిక్కనిజావ, తరువాతఁ బెసరకట్టు, ఇవి యెల్లఁ గడచిన మీఁదట వైద్యుఁడు నిర్ణయించిన శుభదినమునఁ బథ్యము పెట్టుట, అనఁగాఁ దొలిసారి యన్నము తినిపించుట, ఆ కోట యాచారము.

అయితే మందుల చేఁదు మఱవని పసిది పేరిభొట్లు గడపలో నడుగిడఁగనే పెదవులు బిగించును. నాంచారమ్మ గిన్నె కానఁబడినంతనే నోరు తెఱచును. దాసీజనము "నాంచారమ్మది ఎంత చలువ చేయి!" అని వేనోళ్లఁ బొగడఁజొచ్చిరి. తుదకు అనపోతభూపాలుఁడే "పథ్యమునాఁడు మా బిడ్డను బ్రదికించిన చేతికిఁ గడియము తొడిగెదము" అని నాంచారమ్మవంకఁ జూచి నవ్వెను. ఆ నవ్వు పేరిభొట్లు గుండెలో ముల్లువలె దిగఁబడెను.

జ్వరముతోఁ బోరినవాఁడు తాను! పేరు గంజికుండకు! నిదుర మాని నాడిఁ బట్టినవాఁడు తాను! కడియము గరిటె పట్టినదానికి! ఇట్లు తలపోసి తలపోసి యతఁడు కుమిలెను. లోకులు దీనినే కడుపుమంట యందురు. వందలకొలఁది చూర్ణము లెఱిఁగిన యా మహానుభావునకు దీనికి మాత్రమొక చిటికెఁడు మందైనఁ దోఁచకపోయెను.

పసిది యింకను జిక్కనిజావయొద్దనే యుండెను. పథ్యమునకు మూఁడు నాళ్లు మిగిలియుండెను. ఆ మూఁడు నాళ్లను ద్రోసివైచి తన చేతిమీఁదుగా నన్నము తినిపించినచో బిడ్డ తనవలననే లేచెనని లోకము గ్రహించునని నిశ్చయించి యతఁడు మఱునాఁడే పథ్యమని చాటించెను.

ఆ వార్త విని నాంచారమ్మ చేతులు కొంగునఁ దుడుచుకొనుచు వచ్చి "అయ్యవారూ, పాపగారు ఇంకా ఆకలి అనలేదు గదా. నాలుక తెల్లగానే ఉన్నది. మూడు దినాలు ఓర్చుకుంటే మంచిదేమో" అనెను.

"గరిటె త్రిప్పుదానవు నాకు శాస్త్రము బోధించెదవా? పొయ్యికడకుఁ బొమ్ము!"

తెల్లని నాలుకను అతఁడును జూచియే యుండెను. నోట నమలఁబడి లాలాజలముతోఁ గలసిన యన్నము ఆమాశయమునఁ జేరి పిత్తముచేఁ బచనమై ప్రేవులలో రసమై యా రసమే రక్తమాంసాస్థులై నిలుచుననియు, లంఘనములు సేసినవాని కడుపులోని యగ్ని ఆఱవచ్చిన నిప్పుకణము వంటిది కావున దానిపై ముందు ఎండుగడ్డియుఁ బిదపఁ బుల్లలును వేసి తుదకుఁ గాని మొద్దులు పెట్టరాదనియు, అగ్ని చాలనియెడ నమృతతుల్యమైన యన్నమే విషమగుననియు శిష్యులకు వేయిమాఱులు చెప్పినవాఁ డతఁడే. తెలిసి తెలిసియే యీ పనికిఁ బూనెను.

మఱునాఁటి యుదయమున వెండిపళ్లెరమునఁ బాతబియ్యపుటన్నమును బీరకాయకూరయు మిరియాలచారును వడ్డింపఁబడెను. పథ్యపు సొంపు రాణివాసమునకుఁ గనఁబడవలెనని పేరిభొట్లు రెండు గరిటెల నేయి గుమ్మరింపించి మీగడపెరుగును గలిపించెను. తల్లి బుజ్జగింపఁగాఁ బసిది యేడు ముద్దలు మ్రింగెను. అతఁడు "చూచితిరా!" అని నలుదెసలఁ బరికించి నాంచారమ్మ మొగముపైఁ జూపు నిలిపెను.

మధ్యాహ్నమునకుఁ గోనమాంబ కడుపు డోలువలె బిగిసెను. తిన్నది తిన్నట్లే వెడలెను. సాయంసమయమునకు ఒడలు మరలఁ గాఁగెను. రాజు కన్ను లెఱ్ఱఁజేసి "దోషము మందునందా గంజియందా?" అని గద్దింపఁగా నెల్లర చూపులు అన్నము వండిన నాంచారమ్మపైకి మరలెను. పేరిభొట్లు ఒక్క మాట యన్నఁ జాలును. ఆమె బ్రదుకు బుగ్గియగును. ఆ మాట యతని నాలుకచివరకు వచ్చెను.

అంతలో నాంచారమ్మ యతని యెదుట నిలిచి "అయ్యవారూ, శొంఠి వాము వేసి కాచిన నీళ్లు తెచ్చినాను. కడుపు తేలికపడినాక మళ్లీ తేటగంజి నుంచే మొదలు పెట్టనా? తమ ఇంట మందులు దంచినన్నాళ్లూ తమరు శిష్యులకు చెప్తూ ఉంటే గోడవార నిలబడి విన్నదే నా విద్య. తమరు ఔనంటేగాని నాకు చేయి ఆడదు" అనెను.

పేరిభొట్లునకు మొగమునఁ గొట్టినట్లయ్యెను. ఇన్నాళ్లు దేనిఁ జూచి యేడ్చెనో అది తన విద్యయే. తాను నోటఁ బలికి మఱచినదానిని ఆమె చేతులతోఁ జేసి చూపెను. అతఁడు రాజునెదుటఁ దలవంచి "దేవా, దోషము గంజియందు లేదు. మందునందును లేదు. నాయందున్నది. ఆఁకలి పుట్టక మునుపే యన్నము పెట్టించితిని. ఈమె వలదన్నది. ఈమెకుఁ బేరు వచ్చుట చూచి యోర్వలేక చేసితిని" అనెను.

రాజు "పసిది ఆఁకలి యనునందాఁక నీవీ గడప దాఁటరాదు. బిడ్డకేమైన నైనచో నేను రాజునని మఱచెదను" అని లేచిపోయెను.

తొమ్మిది నాళ్లు ఆమె గంజి కాఁచెను. అతఁడు నాడిఁ బట్టి ఔననెను కాదనెను. మూఁడవనాఁడు పసిదాని చేతులు చల్లఁబడఁగా ఇరువురును బ్రాణములు గుప్పిటఁ బెట్టుకొని కూర్చుండిరి. పదవనాఁటి ప్రొద్దునఁ గోనమాంబ పాన్పుపై లేచి కూర్చుండి "నాంచారమ్మా, ఆకలి! ఎంతసేపూ!" అని కోపగించెను. రాణి సంతోషముపట్టలేక యేడ్చెను. నాంచారమ్మకుఁ గడియము దక్కెను. పేరిభొట్లునకు ఆస్థానపదవి పోయెను.

నెల గడచినపిదప నతఁడు నాంచారమ్మను దన యింటికి రావించి శిష్యులయెదుటఁ బీటవైచి "పథ్యపుఁ బాఠ మిఁక నీమె చెప్పును" అని తాను వారి వెనుకఁ గూర్చుండెను. ఆమె మొదట సిగ్గుపడి పిదపఁ బాతబియ్యమునకు నీరెంతయో మెతుకెంత మెత్తఁబడవలెనో చెప్పఁజొచ్చెను. శిష్యులు పీటలు ముందునకు జరుపుకొని నోళ్లు తెఱచి వినుచుండఁ బేరిభొట్లులోని యోర్వలేనితనము మరలఁ దల యెత్తెను. తిన్న యన్నము రెండు జాములలో నరగును గాని యొరుల మేలు మ్రింగి యరగించుకొనుటకు మనుజునకుఁ దక్కిన యాయువంతయుఁ బట్టవచ్చును. అతఁడు లేచి పోవలేదు. పాఠము ముగియువఱకుఁ గూర్చుండి వినెను.