మగచెయ్యి పడిన మగ్గం

నేను ఒక మగ్గపు పెట్టెను. మీరెరిగిన చేనేత మగ్గాల్లా నాకు గుంటా లేదు, చట్రమూ లేదు. చెట్టు మొద్దును లోపల తొలిచి బోలు చేస్తే అదే నేను. నేసే మనిషి నేలమీద కాళ్లు చాపి కూర్చుని పాదాలతో నన్ను తన్నిపట్టి ఉంచుతుంది. నాకూ ఆమె నడుముకూ మధ్య నూలు బిగుస్తుంది. అంతే.

పుట్టింది తైవాన్ దీవి తూర్పు కొండల్లో, త్రుకు అనే ఆదివాసుల ఊళ్లో. నన్ను తొలిచినవాడు మగవాడే. ఒక చలికాలమంతా ఉలి పట్టుకుని కూర్చున్నాడు. పని పూర్తిచేసి భార్య ఇపాయ్ ముందు పెట్టాక మళ్లీ నామీద చెయ్యి వెయ్యలేదు. మగ్గాన్ని మగవాళ్లు ముట్టకూడదని త్రుకువాళ్ల కట్టుబాటు. చేసినవాడికే నిషేధమా, ఈ మనుషులకు మతి ఉందా అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు.

ఇపాయ్ కాలంలో దీవిని ఏలుతున్న జపాన్ పోలీసులు త్రుకువాళ్ల ముఖాల మీది పచ్చబొట్లు మాన్పించారు. ఆమె కూతురు రబాయ్ కాలంలో చైనా నుంచి వచ్చిన ప్రభుత్వం కాగితాల్లో అందరికీ చైనా పేర్లు రాసింది. ఇప్పుడు సముద్రం అవతలి పెద్ద దేశం ఈ దీవి నాదంటోంది. దీవిలో చాలామంది కాదంటున్నారు. వీళ్లందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్లను మాత్రం ఎన్నికలప్పుడు తప్ప ఎవరూ పలకరించరు.

ఒక ఎన్నిక సంగతి మీకు చెప్పాలి.

అప్పటికి రబాయ్‌కి ఎనభై ఆరేళ్లు. తను పోయాక తనకు చుట్టే బట్ట తనే నేసుకోవాలని కూర్చుంది. సగం అయింది. ఏడాది తిరక్కుండానే, ఏ రోజైనా చూపు పూర్తిగా పోవచ్చని డాక్టరు చెప్పాడు.

ఆమె మనవడు వాలిస్ పట్నంలో పెరిగి, చదువుకుని తిరిగొచ్చినవాడు. బుద్ధిమంతుడు. ఏడు ఊళ్లకు కలిపి ఉండే మండల సభకు పోటీ చేశాడు. ప్రచార సభ రోజున, అవ్వ సంతకు వెళ్లిన సమయంలో, మన సంస్కృతి జనానికి కళ్లారా చూపిద్దామని సగం బట్టతో సహా నన్ను భుజానికెత్తుకుని వేదిక మీద పెట్టాడు.

ముందు వరుసలోని ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి, కుర్చీలు వెనక్కి తిప్పుకుని, వీపులు చూపిస్తూ కూర్చున్నారు.

"మైకు వినపడటం లేదా?" అని అడిగాడు పాపం.

"మైకు బాగానే ఉందిరా. చదివిన చదువే వినపడటం లేదు," అంది బకాన్ అనే ముసలామె.

రబాయ్ నన్ను ఆడవాళ్లచేత ఇంటికి మోయించుకుంది. కాని నేతకు కూర్చోలేదు. మగచెయ్యి పడిన మగ్గం శుద్ధి కావాలంటే తప్పు చేసినవాడు పందిని కోసి ఊళ్లో ప్రతి ఇంటికీ సమానంగా మాంసం పంచాలి.

"రేపే పంచుతాను పాయీ," అన్నాడు వాలిస్. పాయి అంటే వాళ్ల మాటలో అవ్వ.

మర్నాడు ఎన్నికల ఆఫీసుకు వెళ్లి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. పోలింగుకు ముందు అభ్యర్థి ఇంటింటికీ మాంసం పంచితే అది లంచమట. పోటీనుంచి తప్పుకుందామంటే గడువు దాటిపోయిందట.

"ఇంకో ఇరవై రోజులే పాయీ. పోలింగు అవగానే పంచేస్తాను."

"నా కళ్లు అన్నాళ్లు ఆగుతాయో లేదో, అది కూడా ఆఫీసులో అడిగొచ్చావా?"

వాలిస్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆదివారం చర్చి అయ్యాక వాకిట్లో పందిని కోశాడు. ఆఫీసుకు తనే కబురు పెట్టాడు. ఒక అధికారి వచ్చి అంతా వీడియో తీసుకుంటుంటే, వాలిస్ వాటాలు పంచి జనం ముందు నిలబడ్డాడు.

"ఇది నా తప్పుకు పరిహారం. దీన్ని తీసుకున్నవాళ్లెవరూ నాకు ఓటెయ్యకండి. ఒక్క ఓటు పడినా మా పాయి మగ్గం కోసం నేను పంచింది లంచమైపోతుంది."

"మీ అమ్మ కూడా వెయ్యొద్దా?" ఎవరో అరిచారు.

"అమ్మ కూడా."

"నువ్వో?"

అందరూ నవ్వారు. "నేను కూడా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే రబాయ్ పాదాలు నన్ను తాకాయి. రోజూ వెలుతురున్నంతసేపూ నేసింది. కంటికి ఆనని పోగును వేలితో తడిమి పట్టుకునేది.

పోలింగు రోజు సాయంత్రం మా ఊరి ఓట్ల లెక్కింపు మా ఇంటికి ఎదురుగా ఉన్న ఊరి హాల్లో జరిగింది. అక్కడ ఒక్కొక్క ఓటూ పైకెత్తి అందరికీ చూపించి, పేరు గట్టిగా చదువుతారు. గోడమీది కాగితంలో గీత గీస్తారు. నాలుగు వందల పన్నెండు ఓట్లు చదివారు. వసారాలో ఉన్న నాకు ప్రతి పేరూ వినిపించింది. రహస్యంగా వేసే ఓటు కదా, ఎవరు మాట తప్పినా అడిగేవాళ్లు లేరు. ఎన్నో ప్రభుత్వాల ఆజ్ఞలు విన్నాను నేను. ఒక మనిషి మాటను ఊరంతా అలా నిలబెట్టడం మాత్రం అంతకు ముందు వినలేదు.

మిగతా ఊళ్ల ఓట్లు వాలిస్‌కు చాలలేదు. ఓడిపోయాడు. ఇంటికొచ్చి వసారా మెట్టు దగ్గరే ఆగాడు.

"మన ఊళ్లో ఎన్నొచ్చాయిరా?" అంది రబాయ్, ఆఖరి పోగు బిగిస్తూ.

"సున్నా, పాయీ."

ఆమె నడుము పట్టీ విప్పి, పూర్తయిన బట్టను ఒళ్లో పరిచింది.

"ఆ ముసలి బకాన్ ఎగతాళికి కూడా నీకు వెయ్యలేదన్నమాట," అంది తృప్తిగా. "రా, లోపలికి రా. అన్నం తిందువుగాని."